ఐఫ్రేమ్‌లో సూపర్‌సెట్ లాగిన్ నిలవడం లేదా? లాగిన్ కోడ్ వదిలేసి ముందు కుకీ చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ. కంపెనీ పోర్టల్లో అపాచీ సూపర్‌సెట్ (డేటాను చార్టులుగా చూపే ఓపెన్ సోర్స్ టూల్) డాష్‌బోర్డులను ఐఫ్రేమ్‌లో (ఒక పేజీ లోపల ఇంకో పేజీని చూపే చట్రం) చూపిస్తున్నారు. పోర్టల్లో ఒకసారి లాగిన్ అయినవాళ్ళను సూపర్‌సెట్ మళ్ళీ పాస్‌వర్డ్ అడక్కూడదు. అందుకని కస్టమ్ సెక్యూరిటీ మేనేజర్ (లాగిన్ సంగతి చూసే సొంత కోడ్) రాసి, పోర్టల్ పంపే జేడబ్ల్యూటీని (యూజర్ ఎవరో చెప్పే, సంతకం చేసిన టోకెన్) సూపర్‌సెట్ లాగిన్ వ్యూలో విప్పి, యూజర్‌ను లోపలికి పంపుతున్నారు. కొత్త ట్యాబులో తెరిస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ఐఫ్రేమ్‌లో మాత్రం మళ్ళీ లాగిన్ పేజీయే వస్తోంది. కొందరు లోపలికి వెళ్ళినా డాష్‌బోర్డుల జాబితా ఖాళీగా ఉంటోంది. కొందరిని మధ్యలో బయటికి నెట్టేస్తోంది. మీ లాప్‌టాప్‌లో ఒక తీరు, సర్వర్లో ఇంకో తీరు.

ఇవన్నీ ఒకే తప్పు వల్ల వస్తున్నాయనుకుని లాగిన్ వ్యూలో కోడ్ మారుస్తూ కూర్చున్నారు. అక్కడే మీ టైమంతా పోతోంది. లాగిన్ అని మనం ఒక్క మాటలో అంటాం గానీ లోపల మూడు పనులున్నాయి: వచ్చినవాడు ఎవరో తేల్చడం, తేల్చినదాన్ని తర్వాతి రిక్వెస్టు దాకా గుర్తుంచుకోవడం, వాడు ఏమేం చూడొచ్చో నిర్ణయించడం. మీరు రాసిన కోడ్ మొదటి పనే చేస్తుంది. రెండోది బ్రౌజర్ కుకీ (సర్వర్ ఇస్తే బ్రౌజర్ దాచుకుని ప్రతి రిక్వెస్టుతో పంపే చిన్న గుర్తు) పని, మూడోది రోల్స్ (యూజర్‌కి ఇచ్చే హక్కుల మూటలు) పని. కొత్త ట్యాబులో లాగిన్ అవుతోందంటే మొదటి పని సరిగ్గానే జరుగుతోందన్నమాట. ఇక ఆ ఫైలు జోలికి వెళ్ళకండి. (ఒక భద్రతా కారణంతో మళ్ళీ వెళ్ళాల్సి వస్తుంది, అది కింద చెప్తాను.)

క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబులో ప్రిజర్వ్ లాగ్ టిక్ పెట్టి, పోర్టల్ పేజీ రీలోడ్ చేయండి. మీ లాగిన్ రిక్వెస్టు వెళ్తుంది, 302 (వేరే పేజీకి వెళ్ళమనే జవాబు) వస్తుంది. వెంటనే వెల్‌కమ్ పేజీకో డాష్‌బోర్డుకో రిక్వెస్టు, దానికీ 302, మళ్ళీ లాగిన్ పేజీ. ఆ మొదటి 302 మీద క్లిక్ చేసి రెస్పాన్స్ హెడర్లలో సెట్-కుకీ లైను చూడండి. దాని పక్కన చిన్న పసుపు త్రికోణం ఉంటే మౌస్ అక్కడ ఆపండి: ఈ కుకీకి సేమ్‌సైట్ లాక్స్ అని ఉంది, వేరే సైటు లోపలి నుంచి వచ్చింది, కాబట్టి ఆపేశాను అని క్రోమే చెప్తుంది. సర్వర్ లాగులో మాత్రం లాగిన్ సక్సెస్ అనే ఉంటుంది. సర్వర్ కుకీ ఇచ్చింది, బ్రౌజర్ పారేసింది, తర్వాతి రిక్వెస్టు కుకీ లేకుండా వెళ్ళింది, సూపర్‌సెట్ ఎవరు నువ్వు అని మళ్ళీ మొదటికి పంపింది. మీరు చూస్తున్న లూప్ ఇదే.

2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 80 నుంచి, సేమ్‌సైట్ (వేరే సైటు లోపలి నుంచి కుకీని పంపొచ్చా లేదా అని చెప్పే గుర్తు) ఏదో చెప్పని కుకీని లాక్స్ కిందే లెక్కగట్టడం మొదలైంది. సూపర్‌సెట్ డిఫాల్ట్ కూడా లాక్సే. లాక్స్ కుకీ ఇంకో సైటు ఐఫ్రేమ్‌లోకి రాదు. దీనికి అందరూ చెప్పే మందు కాన్ఫిగ్‌లో సెషన్_కుకీ_సేమ్‌సైట్ విలువను నన్ (None) చేయడం. ఇక్కడే పెద్ద గోతి ఉంది. పైథాన్‌లో కోట్స్ లేకుండా నన్ అని రాస్తే దానర్థం ఏమీ లేదని. సూపర్‌సెట్ కింద ఉన్న పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్ ఆ అట్రిబ్యూట్‌నే పంపదు, పంపకపోతే క్రోమ్ లాక్స్ అనుకుంటుంది. మీరు మార్చామనుకుంటారు, ఏదీ మారదు. కోట్స్ మధ్య పెట్టి స్ట్రింగ్‌గా రాయాలి. మీరు పెట్టిన కాన్ఫిగ్‌లో కోట్స్ లేవు, నేను ముందుగా అనుమానించేది దాన్నే.

అది మార్చాక సెషన్_కుకీ_సెక్యూర్ కూడా ట్రూ చేయాలి. సెక్యూర్ లేకుండా సేమ్‌సైట్ నన్ అంటే క్రోమ్ ఆ కుకీని తీసుకోదు. సెక్యూర్ పెట్టారంటే సైటు హెచ్‌టీటీపీఎస్ మీద ఉండి తీరాలి. మీ సూపర్‌సెట్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే ప్రాక్సీ సర్వర్) ఉందన్నారు కాబట్టి ఇంకొకటి చూడాలి. బయట హెచ్‌టీటీపీఎస్, లోపల సూపర్‌సెట్‌కి మామూలు హెచ్‌టీటీపీ. లోపలివాడికి బయటి సంగతి చెప్పకపోతే రీడైరెక్టులను హెచ్‌టీటీపీ అడ్రస్‌తో కట్టి పంపుతాడు. హెచ్‌టీటీపీఎస్ పేజీలోని ఐఫ్రేమ్‌లో ఆ అడ్రస్‌ను బ్రౌజర్ తెరవనివ్వదు. ఎన్‌జిన్‌ఎక్స్ నుంచి ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపండి, సూపర్‌సెట్‌లో ఎనేబుల్_ప్రాక్సీ_ఫిక్స్ ట్రూ చేయండి. రెండూ కావాలి, ఒకటి చేసి వదిలేస్తే ఫలితం ఉండదు.

ఇంత చేసినా ఐఫోన్ వాడేవాళ్ళకి రాదు. సఫారీ 2020 మార్చిలో, 13.1 వెర్షన్ నుంచి థర్డ్ పార్టీ కుకీలను (తెరిచిన సైటు కాక దాని లోపలి వేరే సైటు పెట్టేవి) పూర్తిగా ఆపేసింది, సేమ్‌సైట్ నన్ అన్నా వినదు. క్రోమ్ విషయానికొస్తే, థర్డ్ పార్టీ కుకీలు తీసేస్తామన్న ప్లాన్‌ని గూగుల్ 2024 జులైలో పక్కన పెట్టేసింది, కాబట్టి మామూలు విండోలో ఇప్పటికి గండం లేదు. ఇన్‌కాగ్నిటోలో మాత్రం క్రోమ్ వాటిని ఆపుతుంది. అందుకే ఇన్‌కాగ్నిటోలో టెస్ట్ చేసి రావట్లేదని కంగారు పడకండి, అలాగే మామూలు విండోలో వచ్చిందని నిశ్చింతగానూ ఉండకండి.

కుకీ దారిలోనే వెళ్ళాలనుకుంటే గట్టి పరిష్కారం సేమ్‌సైట్ నన్ కాదు. పోర్టల్, సూపర్‌సెట్ రెండింటినీ ఒకే డొమైన్ కింద రెండు సబ్‌డొమైన్లుగా పెట్టండి. బ్రౌజర్ దృష్టిలో అవి రెండు ఆరిజిన్లే (వేరే వేరే అడ్రస్‌లే) గానీ ఒకే సైటు. అప్పుడు లాక్స్ కుకీ కూడా హాయిగా వెళ్తుంది, సఫారీ అడ్డు చెప్పదు. డీఎన్ఎస్‌లో ఒక ఎంట్రీ, ఒక సర్టిఫికెట్, అంతే పని. ఒక్క జాగ్రత్త: ఒకే సైటు అవునా కాదా అన్నది పబ్లిక్ సఫిక్స్ జాబితాను (కింద వేరే వేరే వాళ్ళు సొంత పేర్లు పెట్టుకునే డొమైన్ల జాబితా) బట్టి తేలుతుంది. క్లౌడ్ కంపెనీలు ఉచితంగా ఇచ్చే డొమైన్లు చాలావరకు ఆ జాబితాలో ఉంటాయి. అజ్యూర్ వెబ్‌సైట్స్ డాట్ నెట్ కింద మీ రెండు యాప్‌లూ ఉన్నా బ్రౌజర్‌కి అవి రెండు వేరు వేరు సైట్లే. సొంత డొమైన్ తగిలించాల్సిందే.

లాగిన్ పేజీ కాకుండా ఐఫ్రేమ్‌లో బూడిదరంగు బొమ్మతో కనెక్ట్ అవడానికి నిరాకరించింది అని వస్తే అది కుకీ గొడవ కాదు. సూపర్‌సెట్ 3.0 నుంచి టాలిస్మన్ (భద్రతా హెడర్లు పెట్టే భాగం) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, వేరే సైటు ఫ్రేమ్‌లో కూర్చోనివ్వదు. దాని కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో ఫ్రేమ్-ఆన్సెస్టర్స్ (ఏ సైట్లు దీన్ని ఫ్రేమ్‌లో పెట్టొచ్చో చెప్పే లైను) కింద పోర్టల్ అడ్రస్ చేర్చండి. అది ఉంటే పాత ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడర్‌ను బ్రౌజర్లు పట్టించుకోవు. దయచేసి టాలిస్మన్‌నే ఆఫ్ చేయమనే సలహాలు వినకండి.

ఇక మీ లాప్‌టాప్‌లో ఒక తీరు, సర్వర్లో ఇంకో తీరు అన్న సంగతి. దీనికి నాకు రెండు కారణాలు తోస్తున్నాయి, మీకు రెండూ ఉండొచ్చు.

మొదటిది టైము. మీ పోర్టల్ పైథాన్‌లో ఉందన్నారు. టోకెన్‌లో ఐఏటీ (తయారైన సమయం), ఈఎక్స్‌పీ (గడువు తీరే సమయం) విలువలను డేట్‌టైమ్ డాట్ నౌ తో నింపుతున్నారా? టైమ్‌జోన్ చెప్పని ఆ విలువను పైజేడబ్ల్యూటీ (టోకెన్లు తయారు చేసి చదివే పైథాన్ లైబ్రరీ) యూటీసీ అనుకుంటుంది. మీ లాప్‌టాప్ భారత కాలమానంలో ఉంది, అంటే టోకెన్ ఐదున్నర గంటల తర్వాత పుట్టబోతున్నట్టు లెక్క. పైజేడబ్ల్యూటీ కొత్త వెర్షన్లు దాన్ని ఇంకా చెల్లుబాటులోకి రాని టోకెన్ అని తిప్పికొడతాయి. పాత వెర్షన్ అయితే ఇంకా ప్రమాదం, ఐదు నిమిషాల టోకెన్ ఐదున్నర గంటల పైన బతుకుతుంది, ఎవరికీ తెలియదు. సర్వర్ కంటెయినర్ సాధారణంగా యూటీసీలోనే నడుస్తుంది కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ కనపడదు. డేట్‌టైమ్ డాట్ నౌ కి యూటీసీ టైమ్‌జోన్ ఇచ్చి వాడండి, గొడవ వదులుతుంది. పక్క టీమ్ ఎవరైనా నోడ్‌లో (సర్వర్ మీద నడిచే జావాస్క్రిప్ట్) టోకెన్ చేస్తుంటే వాళ్ళదీ చూడండి. డేట్ డాట్ నౌ మిల్లీసెకన్లు ఇస్తుంది, జేడబ్ల్యూటీకి సెకన్లు కావాలి. వెయ్యితో భాగించడం మర్చిపోతే ఆ టోకెన్ గడువు 50 వేల ఏళ్ళ పైమాటే. లాగిన్ చక్కగా అవుతుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు, అదే భయం.

రెండోది కుకీ పేరు. లాప్‌టాప్‌లో పోర్టల్ 5000 పోర్టులో, సూపర్‌సెట్ 8088లో, రెండూ లోకల్‌హోస్ట్. రెండూ ఫ్లాస్కే, రెండింటి కుకీ పేరూ సెషన్. కుకీలకు పోర్టు తేడా తెలియదు. సూపర్‌సెట్ లాగిన్ అవగానే పోర్టల్ కుకీ మీద రాసేస్తుంది, పోర్టల్ రిఫ్రెష్ చేస్తే అది సూపర్‌సెట్ కుకీని కొట్టేస్తుంది. ఒకదాంట్లో లాగిన్ అయితే ఇంకోదాంట్లో లాగౌట్ అవుతోందని మీరు రాసిన వాక్యం చదవగానే నాకు తట్టింది ఇదే. సెషన్_కుకీ_నేమ్ కి వేరే పేరు పెట్టండి. సర్వర్లో కూడా పోర్టల్ తన కుకీని మెయిన్ డొమైన్ మొత్తానికి వర్తించేలా పెడుతుంటే ఇదే జరుగుతుంది, కాబట్టి అక్కడా పేరు మార్చే ఉంచండి.

సర్వర్లో కొందరిని మధ్యలో బయటికి నెట్టేస్తోందంటే సీక్రెట్ కీ (కుకీల మీద సంతకం చేసే రహస్య సంకేతం) చూడాలి. మీ స్టార్టప్ స్క్రిప్టులో ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో ర్యాండమ్ కీ తయారు చేసి సీక్రెట్_కీ లో పెడుతున్నారు. అంటే కంటెయినర్ లేచిన ప్రతిసారీ కొత్త కీ. రెండు పాడ్‌లు (సూపర్‌సెట్ నడుస్తున్న రెండు కాపీలు) నడుస్తున్నాయి, రెండింటికీ రెండు కీలు. ఒక పాడ్ సంతకం చేసిన కుకీని రెండో పాడ్ నమ్మదు. లోడ్ బ్యాలెన్సర్ ఎటు తిప్పితే అటు, ఒకసారి లోపల, ఒకసారి బయట. కీ ఒకటే ఉండాలి, రహస్యంగా ఉండాలి, కంటెయినర్ బయట భద్రపరచాలి. అలాగని డిఫాల్ట్ కీకి వెళ్ళొద్దు. 2023లో సీవీఈ-2023-27524 అనే భద్రతా లోపంగా బయటపడింది అదే: చాలామంది డిఫాల్ట్ కీ మార్చకుండా నడిపేశారు, ఆ కీ తెలిసినవాడెవడైనా అడ్మిన్ కుకీని సొంతంగా తయారు చేసుకుని లోపలికి వచ్చేయొచ్చు. 2.1 నుంచి డిఫాల్ట్ కీతో సూపర్‌సెట్ అసలు లేవదు. ఇంకో సంగతి, డేటాబేస్ కనెక్షన్ల పాస్‌వర్డులు కూడా ఈ కీతోనే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. కీ స్థిరం చేసే ముందు పాత కీ చేతిలో ఉంటే ప్రీవియస్_సీక్రెట్_కీ లో పెట్టి రీ-ఎన్‌క్రిప్ట్-సీక్రెట్స్ కమాండ్ నడపండి. మీ పాత కీ ర్యాండమ్ కాబట్టి బహుశా దొరకదు, కనెక్షన్ల పాస్‌వర్డులు మళ్ళీ టైప్ చేసుకోవాలి.

లోపలికి వెళ్ళినా జాబితా ఖాళీ అన్నది మూడో పనికి సంబంధించింది. ఆథ్_యూజర్_రిజిస్ట్రేషన్ (కొత్తగా వచ్చినవాళ్ళకి అకౌంట్ దానంతటదే చేసే సెట్టింగు) ఆన్‌లో పెట్టి రోల్ గామా ఇచ్చారు. గామాకి పేజీలు తెరిచే హక్కు ఉంటుంది గానీ ఏ డేటాసెట్ మీదా హక్కు ఉండదు. విడిగా ఒక రోల్ చేసి, దానికి మీ డేటాసెట్లు ఇచ్చి, గామాతో పాటు అదీ తగిలించాలి. ఇంకా కొందరికి అసలు అకౌంటే తయారవకపోతే యూజర్ల టేబుల్లో ఈమెయిల్ చూడండి. ఈమెయిల్ యూనిక్ కాలమ్. మీరు మొదట్లో చేత్తో సృష్టించిన యూజర్‌కి, ఇప్పుడు టోకెన్‌లో వేరే యూజర్‌నేమ్‌తో వస్తున్న అదే మనిషికి ఈమెయిల్ ఒకటే అయితే ఇన్సర్ట్ పడదు, లాగులో ఒక ఎర్ర లైను వచ్చి ఊరుకుంటుంది. చివర్లో ఈమెయిల్ డాట్ నాట్‌ఫౌండ్ అని ఉన్న అడ్రస్‌లు కనపడితే భయపడకండి, రిమోట్ యూజర్ పద్ధతిలో ఈమెయిల్ లేకుండా అకౌంట్ చేసేటప్పుడు ఫ్లాస్క్ యాప్‌బిల్డర్ (సూపర్‌సెట్ లాగిన్లు చూసుకునే లైబ్రరీ) పెట్టే పేరది.

ఇప్పుడు ఆ భద్రతా కారణం. మీ లాగిన్ వ్యూ చివర్లో, టోకెన్ లేకపోతే యూఆర్ఎల్‌లో ఉన్న యూజర్‌నేమ్ తీసుకుని ఆ యూజర్‌ను వెతికి లాగిన్ చేసే నాలుగు లైన్లున్నాయి. టెస్టింగ్ కోసం పెట్టామన్నారు. అడ్రస్ బార్‌లో యూజర్‌నేమ్ ఈక్వల్స్ అడ్మిన్ అని కొట్టినవాడు అడ్మిన్ అయిపోతాడు. ఇది తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడం. ఈ సమాధానంలో ఇంకేం చేయకపోయినా ఆ లైన్లు ఇవాళే తీసేయండి. ఆ పక్కనే టోకెన్ డీకోడ్ చేసేచోట వెరిఫై సిగ్నేచర్ ఫాల్స్ అని ఉంది, అదీ అంతే ప్రమాదం, ఎవడు రాసిన టోకెన్ అయినా చెల్లుతుంది. అది తీసేస్తే ఎర్రర్ వస్తోందని రాశారు, వచ్చే ఎర్రర్ ఆడియెన్స్ (టోకెన్ ఎవరి కోసమో చెప్పే విలువ, టోకెన్‌లో దాని పేరు ఏయూడీ) గురించి. టోకెన్‌లో ఏయూడీ ఉండి మీరు డీకోడ్‌లో ఆడియెన్స్ ఇవ్వకపోతే పైజేడబ్ల్యూటీ ఒప్పుకోదు. ఆడియెన్స్ ఇవ్వండి, సంతకం అల్గారిథమ్ జాబితాలో మీరు వాడే హెచ్ఎస్256 ఒక్కటే ఉంచండి. టోకెన్ యూఆర్ఎల్‌లో వెళ్తోంది కాబట్టి ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగులో పడుతుంది, గడువు ఒక నిమిషం మించనివ్వకండి, ఒకసారి వాడిన జేటీఐని (టోకెన్ గుర్తు సంఖ్య) రెండోసారి ఒప్పుకోకండి. చివర్లో రీడైరెక్ట్ పారామీటర్‌ను చూడకుండా వాడుతున్నారు, బయటి డొమైన్ అయితే కొట్టేయండి.

నిజానికి మీకు ఈ కస్టమ్ లాగిన్ అవసరమా అన్నది నా అసలు ప్రశ్న. మీ యూజర్లు డాష్‌బోర్డు చూస్తారు, ఫిల్టర్లు మారుస్తారు, అంతే. కొత్త చార్టులు చేయరు, ఎస్‌క్యూఎల్ ల్యాబ్ (క్వెరీలు రాసే పేజీ) తెరవరు. అలాంటప్పుడు గెస్ట్ టోకెన్ (సూపర్‌సెట్ అకౌంట్ లేకుండానే డాష్‌బోర్డు చూడనిచ్చే తాత్కాలిక టోకెన్) ఉండగా కుకీలతో కుస్తీ ఎందుకు? ఎంబెడెడ్_సూపర్‌సెట్ ఫీచర్ ఫ్లాగ్ ఆన్ చేసి, డాష్‌బోర్డు మెనూలో ఎంబెడ్ నొక్కి, వచ్చే యూయూఐడీ తీసుకోండి (యూఆర్ఎల్‌లో కనపడే డాష్‌బోర్డు నంబరు కాదు, ఇది వేరు). మీ పోర్టల్ బ్యాకెండ్ ఒక సర్వీస్ అకౌంట్‌తో గెస్ట్ టోకెన్ అడిగి తెచ్చి బ్రౌజర్‌కి ఇస్తుంది, ఎంబెడెడ్ ఎస్‌డీకే (డాష్‌బోర్డును మీ పేజీలో పెట్టే సూపర్‌సెట్ లైబ్రరీ) దాన్ని హెడర్‌లో పంపుతుంది. కుకీ మీద ఆధారపడదు కాబట్టి సఫారీ బాధ లేదు. సూపర్‌సెట్‌లో ప్రతి ఉద్యోగికీ అకౌంట్ అక్కర్లేదు. ఏ బ్రాంచి వాళ్ళకి ఆ బ్రాంచి వరుసలే కనపడేలా టోకెన్‌లోనే రో లెవెల్ నిబంధన పెట్టొచ్చు. అది నేరుగా ఎస్‌క్యూఎల్‌లోకి వెళ్ళే ముక్క, కాబట్టి బ్రాంచి నంబరు మీ సెషన్ నుంచి తీసుకోండి గానీ బ్రౌజర్ పంపినదాన్ని అతికించకండి.

దీనికీ కొన్ని మెలికలున్నాయి. గెస్ట్ రోల్ డిఫాల్ట్‌గా పబ్లిక్, దానికి ఏ హక్కులూ ఉండవు, 403 (అనుమతి లేదనే జవాబు) వస్తుంది. డాష్‌బోర్డులు, చార్టులు చదివే హక్కులు మాత్రమే ఉన్న ఒక రోల్ చేసి గెస్ట్_రోల్_నేమ్ లో దాని పేరు పెట్టండి, విసుగొచ్చి అడ్మిన్ అని మాత్రం రాయకండి. ఎంబెడ్ సెట్టింగుల్లో అనుమతించిన డొమైన్లు ఇచ్చారా, సూపర్‌సెట్ వాటిని రిఫరర్ హెడర్‌తో (ఏ సైటు నుంచి వచ్చారో చెప్పేది) పోల్చి చూస్తుంది. పోర్టల్ రిఫరర్‌నే పంపకపోతే 403. నోడ్‌లో హెల్మెట్ (భద్రతా హెడర్లు పెట్టే లైబ్రరీ) వాడే టీములు దీంట్లో తరచుగా ఇరుక్కుంటాయి, దాని డిఫాల్టే నో-రిఫరర్. స్ట్రిక్ట్-ఆరిజిన్-వెన్-క్రాస్-ఆరిజిన్ అని మారిస్తే సరిపోతుంది.

గెస్ట్ టోకెన్ డిఫాల్ట్ గడువు 300 సెకన్లు. గడువు తీరే ముందు ఎస్‌డీకే మీ ఫంక్షన్‌ను పిలిచి కొత్త టోకెన్ అడుగుతుంది. లోడ్ తగ్గుతుందని బ్యాకెండ్‌లో టోకెన్‌ను రెడిస్‌లో (తాత్కాలిక నిల్వ) దాచి అదే మళ్ళీ ఇస్తే ఐదో నిమిషానికి 401 (టోకెన్ చెల్లదనే జవాబు) గ్యారంటీ. కాష్ లేకపోయినా ఎవరో ఒకరిద్దరికే ఇలా అవుతుంటే వాళ్ళ కంప్యూటర్ గడియారం చూడండి. ఎప్పుడు రిఫ్రెష్ చేయాలన్న లెక్క బ్రౌజర్ గడియారంతో వేస్తుంది, పది నిమిషాలు వెనక నడుస్తున్న గడియారం ఇంకా బోలెడు టైముందనుకుని ఊరుకుంటుంది. బ్రాంచి ఆఫీసుల పాత డెస్క్‌టాపుల్లో ఇది మామూలే. గడియారం సరిచేయించడం మీ చేతుల్లో లేకపోతే గెస్ట్_టోకెన్_జేడబ్ల్యూటీ_ఎక్స్‌ప్_సెకండ్స్ ను గంటకు పెంచండి. ఆ మేరకు దొంగిలించిన టోకెన్ కూడా గంట పనిచేస్తుంది, అది ఒప్పుకునే పెంచండి.

రేపు ఎవరికైనా చార్టులు తయారు చేసే హక్కు ఇవ్వాల్సి వస్తే, ఆ కొద్దిమందికి సబ్‌డొమైన్ మీద మామూలు లాగిన్ ఉంచండి, కంపెనీకి ఇప్పటికే సింగిల్ సైన్-ఆన్ (అన్నిటికీ ఒకే లాగిన్) ఉంటే ఓఆథ్ (ఒకచోటి లాగిన్‌ను ఇంకోచోట వాడుకునే పద్ధతి) ద్వారా కలిపేయండి. దానికి సూపర్‌సెట్‌లో దారి ఉంది, సొంత లాగిన్ వ్యూ రాయక్కర్లేదు.